పాటలో లేని మనిషి

నేల తుడవడం సగంలో ఆపి, తడి చేతులు గౌనుకు రాసుకుంటూ పెగ్ డెవెనీ శాలువా కప్పుకుంది. న్యూయార్క్‌లోని ఒక ఫొటో స్టూడియోలో ఆమె పనిమనిషి, పిలిచినప్పుడు తల్లి కూడా. ఆ రోజుల్లో థియేటర్లలో ఐర్లండ్ పాటలు పాడుతుంటే, గాజు పలకల మీది ఫొటోలకు రంగులద్ది వెనక తెర మీద బొమ్మలుగా వేసేవారు. వాటిలో గుడిసె గుమ్మంలో కొడుకు కోసం ఎదురుచూసే ముసలితల్లి పెగ్గే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. నేల కడిగే సోడాకు పగిలిన వేళ్ళు, కాయలు కాచిన మోకాళ్ళు, ఊడిన ముందు పళ్ళు. అయినా ఆ మొహం చూసి, ఐర్లండ్ వదిలి వచ్చిన రేవు కూలీలు ముక్కులు చీదేవారు.

అక్కడే పుట్టి పెరిగిన ఆమెకు మాత్రం ఆ పాటలంటే నవ్వు. "మా అమ్మ గుమ్మంలో ఎప్పుడు నిలబడింది? బంగాళాదుంపలు తవ్వుతూ మమ్మల్ని తిట్టడానికే పొద్దు సరిపోయేది" అనేది. అంటూనే ఆ వరసే కూనిరాగం తీస్తూ నేల తుడిచేది.

ఆ రోజు ఫొటోగ్రాఫర్ రూబెన్ మంచం వేయించాడు. కొత్త పాటలో తల్లి కొడుకును తలుచుకుంటూ ఒంటరిగా ప్రాణం విడుస్తుంది.

"ఒంటరిగానా? మా వైపు ఇరుగుపొరుగు ఊరుకుంటారా నాయనా?"

"పాటలో అలాగే ఉంది పెగ్గమ్మా. జనానికి ఏడుపు రావద్దూ? పడుకో."

"మా అమ్మ పోయినప్పుడు నేనిక్కడ నీ నేలే తుడుస్తున్నా. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునే ఉంటారనుకుని బతుకుతున్నా. థియేటర్లో కూర్చునేవాళ్ళంతా నాలాంటోళ్ళే. ఆ కాస్తా లాగేసుకుంటావా? పక్కన మనిషిని కూర్చోబెట్టు, లేదా వేరే తల్లిని చూసుకో."

"ఆ వచ్చే తల్లే నేల కూడా తుడుస్తుంది మరి."

"తుడవనీ."

ఆ పని తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. అయినా శాలువా తీసి మడత పెట్టసాగింది. రూబెన్ గొణుక్కుంటూనే, గాజు పలకలకు రంగులద్దే డీలియాను పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టాడు.

"గట్టిగా పట్టుకోవే పిల్లా, విరిగిపోనులే" అంటూ పెగ్ కళ్ళు మూసుకుంది.

పాట బాగా ఆడింది. గాయకుడు 'ఒంటరిగా' అని రాగం తీసినప్పుడల్లా తెర మీద ఇద్దరు కనిపించేవారు. ఒక్కరూ తప్పు పట్టలేదు. నేల తుడిచే మనిషి పట్టుబట్టి, ఎందరి తల్లులకో తోడు కూర్చోబెట్టింది!

ఆ చలికాలమే పెగ్‌కు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. కబురు వినగానే డీలియా పని వదిలేసి పెగ్ ఉండే గదికి పరుగెత్తింది. గదిలో అప్పటికే పక్కవాటాల ఆడవాళ్ళు టీ కాస్తున్నారు.

"పని ఎగ్గొట్టి వచ్చావా?" అని విసుక్కుంటూనే పెగ్ చెయ్యి చాపింది. డీలియా పట్టుకుంది. మధ్యాహ్నానికి పెగ్ వెళ్ళిపోయింది.

ఖననమయ్యాక డీలియా మళ్ళీ పనిలో కూర్చుంది. మరో ఊరి థియేటర్‌కు పంపాల్సిన, అదే పాట పలక ముందుంది. చనిపోయే తల్లి కాబట్టి బుగ్గలకు రంగు వేయొద్దని రూబెన్ ఆజ్ఞ. ఆమె కుంచె కొనతో కాస్త గులాబీ అద్దింది. రూబెన్ చూసి, పలకను తనే తీసుకెళ్ళి కిటికీలో ఆరబెట్టాడు. కిటికీలో ఆరుతున్న గాజు పలక మీద ఎండ పడి, ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు రంగురంగులుగా బల్ల మీద పరుచుకున్నాయి.