కడుపు నిండాక వేసుకోవలసిన మాత్ర

“మాత్ర వేసుకున్నావుగా, ఇక లేచి వడ్డించు,” అన్నాడు భర్త. మందు గొంతు దిగీ దిగకముందే మలేరియా మూటాముల్లె సర్దుకుని వీధిన పడుతుందని ఆయన నమ్మకం. కోడలు లేచింది. చలికి పళ్ళు టకటకమంటున్నా వడ్డించింది. భర్త, అత్తగారు, సణుగుతూ సణుగుతూ పిల్లలు, అందరూ తిన్నారు. ఆమె వంతు ఎప్పటిలాగే పొయ్యిగట్టు దగ్గర నిలబడి గిన్నె అడుగు గీక్కోవడం. ఆ పూట అదీ మిగల్లేదు. ఎండు రొట్టెముక్క నోట పెట్టుకుందో లేదో, వేసుకున్న మాత్రలన్నీ కక్కేసింది.

మర్నాడు జ్వరం ఇంకా పెరిగింది. భర్త కంగారుపడి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ వయసులో చిన్నది, గొంతు మాత్రం పెద్దది.

“ఏం తిని వేసుకున్నారు?” అంది మాత్రల అట్ట తిప్పి చూస్తూ.

“అందరూ తిన్నాక తిందామనీ...”

“బాగుంది వరస! ఇందులో రెండు మందులున్నాయమ్మా. ఒకటి వచ్చీరాగానే రక్తంలో క్రిముల్ని చితక్కొట్టి, చప్పున వెళ్ళిపోతుంది. రెండోది నిదానంగా రోజుల తరబడి ఉండి, మిగిలినవాటిని ఏరేస్తుంది. ఆ రెండోదానికి కొవ్వు కావాలి. పాలో, వెన్నో, గుడ్డో తినకపోతే అది ఒంటికి పట్టదు. మిగిలిన క్రిములు మళ్ళీ కాపురం పెడతాయి. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుంది.”

ఆ రెండో మందు మీద కోడలికి ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. గొప్ప పేరంతా ముందొచ్చినదానిది, వెనక మిగిలి ఇల్లంతా శుభ్రం చేసేది ఇది. అయితే ఇది తెలివైనది, ముందు తిండి పెడితేనే చేస్తానంటోంది!

“తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉండొచ్చు. గుండె దడ అనిపిస్తే వెంటనే రండి. జ్వరం తగ్గింది కదాని మధ్యలో ఆపకండి,” అని డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. “ముందు ఈవిడ తినాలి. తర్వాతే మీరు.”

ఆయన ఆ మాట మింగడానికి పడ్డ అవస్థ చూస్తే, చేదు మాత్ర ఆయనకే ఇచ్చారనుకోవాలి.

ఆ పూట కోడలు బల్ల దగ్గర కూర్చుంది. వెన్నలో వేయించిన గుడ్డు భర్తే తెచ్చాడు, అంచులు మాడ్చి మరీ. ఆమె సుబ్బరంగా తింది. కాస్త ఓపిక వచ్చాక ఒకపూట తనే వండుకుని వేడివేడిగా ముద్ద నోట పెట్టుకుంటే ఆశ్చర్యమేసింది. ‘నీ చేతికి ఉప్పు తెలీదు’ అని ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళు అంటుంటే నిజమే కాబోలు అనుకుంది. తను తినేదల్లా చల్లారి, అడుగంటినదాయె. ఉప్పు సరిగ్గానే ఉంది! తను పనిచేసే దుకాణంలోనూ ఇదే తంతు. బిల్లుల దగ్గర కూర్చునే మనిషి రద్దీ తగ్గాకే తినాలి, రద్దీ తగ్గేసరికి ఆకలి చచ్చేది. ఇంతకాలం అది తన ఓర్పు అనుకుని మురిసిపోయింది. తల తిరుగుతున్నా, తనమీద తనకే నవ్వొచ్చింది.

ఎదురుగా అత్తగారు కళ్ళార్పకుండా చూస్తున్నారు. ‘వడ్డించే చెయ్యి ముందు తింటే ఇంటికి కలిసిరాదు, బరకత్తుండదు’ అని కొత్తకాపురంలో నేర్పింది ఆవిడే.

“వేడిగా ఉందా?” అన్నారు మెల్లిగా.

“ఉందత్తయ్యా.”

“నేను మీ మామగారు పోయాకే వేడన్నం తిన్నానే,” అన్నారావిడ. కోడలు కంచం చేతిలోకి తీసుకుంది. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

కోర్సు పూర్తయింది. రక్తపరీక్షలో క్రిమి జాడ లేదు. ఆ సాయంత్రం భర్త హుషారుగా బల్ల దగ్గర కూర్చుని కంచం ముందుకు జరుపుకున్నాడు. కోడలు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. అత్తగారికి వడ్డించింది, తర్వాత తనకు వడ్డించుకుని కుర్చీ లాక్కుంది.

“అదేంటి, మందులు అయిపోయాయిగా?” అన్నాడాయన.

“అయిపోయాయి,” అంది కోడలు గరిటె ఆయన వైపు తిప్పి పెడుతూ. “ఆకలి మాత్రం రోజూ వేస్తుందండీ.”