ఐదో స్పాటర్

ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు సాయంత్రానికే స్పాటర్ల పేర్లు పిల్లల ఫోన్లకు వచ్చేస్తాయి. తిరుపతిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అది ఆనవాయితీ. స్పాటర్లంటే బల్ల మీద వరసగా పెట్టిన మొక్కలు; ఒక్కోదాన్నీ చూసి, పేరూ గుర్తుపట్టిన కారణమూ రాయాలి. పేర్లు ముందే తెలిశాక ఇక చూసే ఖర్మ ఎవరికి?

రూతుకే. కాలేజీ ఫస్టు వచ్చిన ఒక్కరిని యాజమాన్యం ఉచితంగా పీజీ చదివిస్తుంది. రూతుకూ జాహ్నవికీ నువ్వా నేనా అన్నట్టుంది పోటీ. అలాంటప్పుడు నోరు మూసుకుని అందరూ రాసిందే రాయొచ్చు కదా!

ఐదోది ఫ్యునేరియా అనే నాచు అని బోటనీ చెప్పే ప్రసన్నకుమారి మేడం పంపింది. లెన్సు పెట్టి చూస్తే అది నాచే కాదు. నాచుకు ఆకులు కాడ చుట్టూ మెలికగా వస్తాయి, చాలావాటికి ఆకు నడుమ ఈనె ఉంటుంది. దీనికి ఆకులు అటొక వరస, ఇటొక వరస, అల్లిన జడలా ఉన్నాయి. ఈనె మచ్చుకైనా లేదు. ఇది నాచుకు చుట్టంలాంటి వేరే మొక్క, లివర్‌వర్ట్. పాఠ్యపుస్తకంలో లివర్‌వర్ట్ అంటే నేలకు అతుక్కున్న పచ్చటి బిళ్ళ బొమ్మే ఉంటుంది గనక, ఆకు కనబడితే చాలు నాచు అనేస్తారు. ఆకులున్న లివర్‌వర్ట్‌లే ఎక్కువని క్లాసులో చెప్పింది ఈ మేడమే. రూతు ఆ మాట నమ్మి, ఉన్నది ఉన్నట్టు రాసింది.

మార్కు పోయింది. ఆ ఒక్క మార్కు తేడాతో పీజీ సీటు, లెన్సు ముట్టుకోని జాహ్నవికి దక్కింది.

స్టాఫ్‌రూములో మేడం ఒంటరిగా దొరికింది.

"నువ్వు రాసిందే రైటు రూతూ. అటెండరు గోడ మీదది గీరుకొచ్చినాడు. నేనూ సూడకుండా పెట్టేసినాను."

"అయితే మార్కు ఎయ్యండి మేడం."

"నీకేస్తే అందరికీ తియ్యాల. తీస్తే, పేర్లు ముందే పంపిందెవురని అడగరా? నా ఉద్యోగం పోతాదే తల్లీ! అయినా లెన్సు పెట్టి సూసేవాళ్ళుంటారని నేనేమన్నా కలగన్నానా?"

చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు. రూతుకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. గుమ్మం దాకా నడిచింది.

"రూతూ," మేడం వెనక నుంచి పిలిచింది. "వచ్చే ఏడాది స్పాటర్లకు మంచి ఫ్యునేరియా కావాల. తలకోన పక్క దొరుకుతాదంట. తెచ్చిపెడతావా? నీకైతే తేడా తెలుసు."

ఆ గొంతులో వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగింది.