ఆలస్యంగా పడిన దెబ్బ

టీవీలో ఆ సీరియల్ మొదలయ్యే వేళకి డ్రమ్మరుకి ఎప్పుడూ ఏదో ఒక పని గుర్తొచ్చేది. బాల్కనీలో బట్టలు తియ్యాలనో, బల్బు మార్చాలనో లేచిపోయేవాడు. ఎంత దూరం పోయినా లాభం లేదు, టైటిల్ సంగీతం రాగానే భార్య సౌండ్ పెంచేది. అది ఆవిడ తమ్ముడు కట్టిన సంగీతం మరి. తెర మీద తమ్ముడి పేరు పడే రెండు సెకన్లూ రెప్ప వేసేది కాదు. మొగుడి పేరు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చదివిందా అని డ్రమ్మరు గొణుక్కునేవాడు. చదవడానికి ఆ పేరు ఎక్కడా పడలేదన్న సంగతి మాత్రం తల్చుకునేవాడు కాదు.

ఒకప్పుడు బావా బావమరుదులిద్దరిదీ ఒకటే రాక్ బ్యాండు. ఇతనివి డ్రమ్ములు, వాడిది గిటారు. జుట్టు భుజాల దాకా పెంచుకుని, ఓ కారు షెడ్డులో సాధన చేస్తూ ఇరుగుపొరుగు చేత తిట్లు తిన్నారు. తర్వాత ఓ రోజు బావమరిది చెప్పాపెట్టకుండా వెళ్ళి ఓ సబ్బు ప్రకటనకి ట్యూన్ కట్టిచ్చాడు. అక్కణ్ణుంచి సీరియళ్ళు, ఇప్పుడు ఏకంగా సినిమా. బ్యాండు మూతపడింది. డ్రమ్మరు ఒక సంగీతం స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నాడు. బావమరిది అమ్ముడుపోయాడని నలుగురిలో అనేవాడు. తనను కొనడానికి ఎవరూ రాలేదన్నది అసలు బాధ. కుళ్ళంటే కుళ్ళే, దానికి ఇంకో పేరెందుకు.

అలాంటిది, వాడే ఫోన్ చేశాడు.

"బావా, గురువారం పదింటికి ఖాళీయేనా? సినిమాలో ఒక సీనుకి డ్రమ్స్ కావాలి."

"ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే దొరుకుతాయటగా. మేమెందుకురా?"

"దొరకట్లేదు బావా, అందుకే పిలుస్తున్నా."

వెళ్ళాలా వద్దా అని డ్రమ్మరు తేల్చుకునేలోపే భార్య చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.

స్టూడియో చూడగానే ఒళ్ళు మండిపోయింది. తలుపు మూస్తే బయటి చప్పుడు చీమంత కూడా రాదు. కాళ్ళ కింద మెత్తటి తివాచీ, గోడకి వరసగా ఏడు గిటార్లు. 'ఏడెందుకురా, నీకున్నవి రెండు చేతులేగా' అనుకున్నాడు. అద్దానికి అటువైపు గదిలో మీటల బల్ల ముందు దర్శకుడు కూర్చున్నాడు. ఎడిటింగ్ చేసేటప్పుడు, అసలు సంగీతం తయారయ్యేదాకా, సీనుకి ఊతంగా ఏదో ఒక పాత ముక్క తగిలించుకోవడం సినిమావాళ్ళకి అలవాటు. ఏదైనా ఇవ్వమని దర్శకుడు అడిగితే బావమరిది షెడ్డు రోజుల టేపొకటి ఇచ్చాడు. అదే వాడి కొంప ముంచింది. దర్శకుడు ఆ ముక్కని వందసార్లు విని మనసు పారేసుకున్నాడు. టేపు నిండా బుస, మధ్యలో ఎవరిదో కారు హారను, థియేటర్లో వెయ్యడానికి పనికిరాదు. బావమరిది కొత్తగా కట్టిన నాలుగు ట్యూన్లూ ఆయనకి నచ్చలేదు.

"రేపటిలోగా ఇది కుదరకపోతే సినిమా ఇంకొకరికి ఇచ్చేస్తారు బావా," అన్నాడు వాడు, గొంతు తగ్గించి. వాడి కళ్ళ కింద చారలున్నాయి.

డ్రమ్మరుకి కడుపులో పాలు పోసినట్టయింది. ఇలా అనిపించకూడదని తెలుసు. అనిపించింది.

సీను వేసి చూపించారు. ఒకామె పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంది. గిటారు ఒక్కటే వస్తుంటుంది. గుమ్మం దగ్గర ఆగుతుంది. డ్రమ్ము పడాల్సిన చోట పడదు. ఆమె వెనక్కి తిరుగుతుంది. అప్పుడు పడుతుంది.

"ఆ ఆలస్యం కావాలి నాకు," అన్నాడు దర్శకుడు.

ఆ ఆలస్యం సంగతి డ్రమ్మరుకి బాగా తెలుసు. పదిహేనేళ్ళ కిందట, ఆ షెడ్డులో టేపు తిరుగుతుండగా, బావమరిది అంతకుముందెప్పుడూ వాయించని వరసొకటి అప్పటికప్పుడు ఎత్తుకున్నాడు. వింటూ ఉండిపోయాడు ఇతను. చేతిలో డ్రమ్ము పుల్ల గాల్లోనే ఆగిపోయింది. పాట అయ్యాక వాడు అందరి ముందూ దులిపేశాడు, ధ్యాస ఎక్కడ పెట్టావని. చెయ్యి జారిందన్నాడు ఇతను. వాడు తనకంటే మెట్టు పైనున్నాడని ఆ రోజే తెలిసిపోయింది. ఆ రోజు నుంచీ ఇతనికి మనశ్శాంతి లేదు.

హెడ్‌ఫోన్లలో టిక్కుటిక్కుమని తాళం లెక్క వినిపిస్తుండగా మొదటిసారి గడియారంలా వాయించాడు. తప్పు పట్టడానికి వీల్లేదు. దర్శకుడు తలూపలేదు. రెండోసారి కావాలని ఆలస్యం చేశాడు, కావాలని చేసినట్టే ఉంది. మూడోసారీ అంతే. రావట్లేదురా అని చేతులు దులుపుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఎవరూ వేలెత్తి చూపరు. సినిమా పోతుంది, వాడు కిందికి దిగుతాడు, ఇద్దరూ ఒకే మెట్టు మీదికి వస్తారు. పుల్లలు సంచిలో పెట్టేసేవాడే.

ఇంతలో అద్దానికి అటు నుంచి దర్శకుడి మాట చెవుల్లో పడింది. మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నారు. "టేపులో వాయించినాయన దొరకడా? ఆయన్నే పిలవండి. ఈయన వల్ల కాదు."

టేపులో వాయించింది ఇతనేనని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేనేళ్ళుగా వాడి మీద ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు తన మీద తనే ఏడవాల్సొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేశాడు.

"ఆ టిక్కుటిక్కు ఆపించు. నువ్వు గిటారు తీసుకుని లోపలికి రా. నా ఎదురుగా కూర్చో."

బావమరిది గోడ మీంచి ఒక గిటారు తీసుకుని వచ్చాడు. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. వాడు తల వంచి తీగల మీద చెయ్యి వేశాడు. చెయ్యి తుప్పుపట్టి ఉంటుందని ఆశపడ్డాడు డ్రమ్మరు. పట్టలేదు. అప్పటికంటే నెమ్మదించింది, అప్పటికంటే లోతుకెళ్ళింది. కుళ్ళుకుంటూనే, పాపిష్టి చెవులు రెండూ అప్పగించి విన్నాడు. దెబ్బ పడాల్సిన చోటు వచ్చి వెళ్ళిపోయింది. పుల్ల గాల్లోనే ఉంది. తర్వాత పడింది.

దర్శకుడు లేచి నిలబడ్డాడు. అద్దం వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

బావమరిది గిటారు ఒళ్ళోనే పెట్టుకుని తలెత్తాడు. "ఒక మాట అడగనా బావా? అప్పుడు షెడ్డులో అందరి ముందూ నిన్ను తిట్టాను చూడు. నాకెంత కష్టం వేసిందో నీకు తెలీదు. ఆ వరస నీకోసమే వాయించా. నువ్వు వింటావని. వినకుండా ఎటో చూస్తున్నావనుకున్నా. ఇక మనకి పొసగదులే అని, ఆ వారంలోనే ఆ సబ్బు వాళ్ళకి ఫోన్ చేశా. నిజంగానే వినలేదా?"

డ్రమ్మరు నోటి దాకా వచ్చింది మాట. విన్నానురా, విని చెయ్యి ఆగిపోయిందిరా అని. ఒక్క మాటే కదా. వాడు ఎదురుగా కూర్చుని ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నాడు. గోడకి గిటార్లు వేలాడుతున్నాయి. అద్దం వెనక జనం ఇంకా వాడి వైపే చూస్తున్నారు.

"అవునురా," అన్నాడు. "వినలేదు."