ఫ్రేముల మీద తెల్లచారలు

కొత్తగా కడుతున్న ఆ నాలుగంతస్తుల ఆఫీసు భవనానికి బిగించిన అల్యూమినియం ఫ్రేముల మీద ఆసిడ్ పోస్తున్నది బుడగేనని అక్కడ పనిచేసే అరవై మందికీ తెలుసు. పోస్తుండగా చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి ఎవరి నమ్మకానికీ అడ్డు రాలేదు సరికదా, ఎవరికీ కనబడకుండా పోస్తున్నాడంటే ఎంత గుండెలు తీసినవాడో చూడండని చెప్పుకోవడానికి పనికివచ్చింది.

బుడగ నా మేనకోడలి భర్త. మనిషి చెప్పిన మాట నమ్మడు, వాలు చూసే రసమట్టంలోని బుడగ చెప్పిందే నమ్ముతాడు కనుక తోటివాళ్ళు అతనికి ఆ పేరు పెట్టారు. అద్దాల గోడ పనిలో అలాంటి మనిషి అవసరం చాలా ఉంటుంది. ప్రతి అంతస్తు అంచుకూ ఉక్కు క్లాంపులు బిగించి, వాటికి నిలువు ఫ్రేములు తగిలించి, వాటి మధ్య అడ్డ ఫ్రేములు కూర్చి, ఆ గడుల్లో అద్దాలు పెడతారు. కింద మొదటి ఫ్రేము వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందంటే, నాలుగో అంతస్తుకు చేరేసరికి అద్దం గడిలో కూర్చోదు. అందుకే ఏ వరస మొదలుపెట్టినా ముందు బుడగను పంపుతారు. పంతొమ్మిదేళ్ళుగా అతను చేస్తున్నది ఆ పనే.

మంగళవారం మధ్యాహ్నం మేనకోడలు మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. శుక్రవారం భవన యజమాని తరఫు మనుషులు తనిఖీకి వస్తున్నారట. ఆలోగా చారల సంగతి తేలకపోతే తన భర్త గేటు పాసు రద్దు చేసి, ఎందుకు రద్దు చేశారో మిగతా కాంట్రాక్టర్లందరికీ తెలియజేస్తారట. ఆసిడ్ పోసేవాడని పేరుపడ్డ మనిషిని ఆ తర్వాత ఏ భవనం మీదికీ ఎక్కనివ్వరు.

"మావయ్యా, మీరొచ్చి ఆయన చెయ్యలేదని ఒక్క మాట చెప్పండి చాలు. ఆ ఇంజనీరమ్మ మీ దగ్గర చదువుకున్నదే. మీరంటే గౌరవం."

"చెయ్యలేదని నాకు తెలియదు కదమ్మా."

"చేశాడని వాళ్ళకి మాత్రం తెలుసా? చెప్పట్లేదూ?"

నేను ముప్పై నాలుగేళ్ళు కాలేజీ రసాయనశాలలో గడిపినవాణ్ణి. పరీక్షనాళికకు బంధుప్రీతి ఉండదని పిల్లలకు చెబుతూ వచ్చాను. అయినా లేచి చెప్పులు వేసుకున్నాను.

ఇంజనీరు నన్ను చూసి కుర్చీ తెప్పించింది. వచ్చిన పని చెబితే ఆమె తడుముకోలేదు. "మీరు ఏది తేలిస్తే అదే రాస్తాను సార్. ఆయనే చేశాడని తేలినా రాస్తాను," అంది. నాకు ఆ మాట నచ్చింది. మేనకోడలికి నచ్చదని కూడా తెలుసు.

చారల్ని చూపించడానికి మేస్త్రీ నన్ను వెంటబెట్టుకుని పరంజా ఎక్కించాడు. రాగిరంగు పూత ఉన్న నిలువు ఫ్రేముల మీద అక్కడక్కడా జానెడు పొడవున తెల్లని చారలు. వేలితో రాస్తే గరుకుగా తగిలాయి. పూతను ఏదో తినేసింది. ఈ మేస్త్రీ ఒకప్పుడు బుడగ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆరు నెలల కిందట గురువును దాటి మేస్త్రీ అయ్యాడు. ఆ కడుపుమంటతోనే బుడగ ఫ్రేముల్ని కాలుస్తున్నాడని జనవాక్యం.

"అన్నా అని పిలిచిన నోటితో దొంగా అనలేను మాస్టారూ," అన్నాడు మేస్త్రీ. "కానీ చార ఎక్కడుందో చూడండి. అన్న చెయ్యి పడిన చోట ఉంది. చెయ్యి పడని చోట లేదు. నేనేం చెయ్యను?"

అతను చెప్పింది అబద్ధం కాదు. గీతలు పడకుండా ప్రతి ఫ్రేముకూ పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. రెండు ఫ్రేములు కలిసే అతుకు దగ్గర మాత్రం, సందులో నీళ్ళు దిగకుండా సీలెంటు అనే జిగురు నింపడానికి వీలుగా, బుడగ ఆ పొరను జానెడు మేర ఒలుస్తాడు. చారలు సరిగ్గా ఆ ఒలిచిన చోట్లలోనే ఉన్నాయి. అంతేకాదు, అతను ఏ వరసకు మారితే చారలు మర్నాటికి ఆ వరసకు మారుతున్నాయి. మధ్యలో అతనికి జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోయినా కొత్త చారలు పడ్డాయి. అప్పుడైనా పుకారు తగ్గాలి కదా. తగ్గలేదు. పెళ్ళాం చేత క్యారేజీలో ఆసిడ్ పంపించాడన్నారు. పుకారుకు కాలు విరిగితే కర్ర దొరక్కుండా పోదు.

ఇక మిగిలింది సీసా. బుడగ పనిసంచిలో పేరులేని సీసా ఒకటి ఉందని అందరూ చెప్పారు. తెప్పించి మూత తీశాను. స్పిరిటు వాసన. మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుంటే చల్లగా తగిలి, చూస్తుండగా ఆరిపోయాయి. సీలెంటు పెట్టేముందు అతుకును తుడవడానికి ఈ పనివాళ్ళందరూ వాడేదే అది. ఆ మాట చెప్పగానే అద్దాలు మోసేవాళ్ళలో ఒకడు పక్కవాడితో, నాకు వినబడేలాగే అన్నాడు: "అల్లుడి సీసా కదా, పన్నీరు వాసనే వస్తుంది."

నవ్వారు. నేనూ నవ్వాను. వాడి అనుమానంలో తప్పేమీ లేదు. సాక్షికీ నిందితుడికీ చుట్టరికం ఉన్నప్పుడు అనుమానించడమే సరైన పద్ధతి.

నిజానికి అప్పటికి నాకూ అనుమానం మొదలైంది. గేటు దగ్గరి హాజరు పుస్తకం తిరగేస్తే, రెండు వారాలుగా బుడగ అందరికంటే గంట ముందు లోపలికి వస్తున్నట్టు ఉంది. పొద్దున్న అందరితో పాటే వెళుతున్నానని అతను భార్యతో చెప్పాడు, ఆమె నాతో చెప్పింది. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడారు. పుస్తకానికి అబద్ధమాడాల్సిన అవసరం లేదు.

మూడో అంతస్తు పరంజా మీద, ఫ్రేముకు రసమట్టం ఆనించి కూర్చుని ఉన్నాడు బుడగ. నేను పక్కన నిలబడినా తలెత్తలేదు.

"గంట ముందు ఎందుకొస్తున్నావు?"

రసమట్టం మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "తుడవడానికి మావయ్యగారూ. పొద్దున్నే ఫ్రేము పొడవునా ఇంకా తడిగా ఉన్నప్పుడు తుడిస్తే కొన్ని పోతాయి. ఎవరూ చూడకముందే తుడిచేస్తే గొడవ ఉండదనుకున్నా."

"చూశారు కదా."

"చూశారు. సీసా, గుడ్డ చేతిలో ఉండగా చూశారు."

తర్వాత అతను తన అనుమానం చెప్పాడు. ఇదంతా మేస్త్రీ చేయిస్తున్నాడట. పాత గురువు కళ్ళముందు ఉంటే కొత్త హోదా ఒంటికి పట్టదు కనుక బయటికి సాగనంపాలని చూస్తున్నాడట. ఆధారమేమిటని అడిగాను. "వాడు కాకపోతే ఇంకెవరు చేస్తారు?" అన్నాడు. అతని మీద ఉన్న పుకారుకు ఆధారమూ సరిగ్గా అంతే ఉందని చెబితే మొహం ముడుచుకున్నాడు.

కానీ ఆ సంభాషణలో ఒక మాట నన్ను వదల్లేదు. పొద్దున్నే తడిగా ఉంటుందన్నాడు. వాన పడి పదకొండు రోజులైంది. ఆసిడ్ చుక్కలు చల్లితే ఒకటో రెండో తడి మచ్చలు ఉంటాయి. ఫ్రేము పొడవునా తడి ఎక్కడిది?

మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళాను. అక్కడ ఒకావిడ రబ్బరు గొట్టంతో పిట్టగోడకు నీళ్ళు పడుతోంది. పిట్టగోడను ఒక్కసారిగా కాక, ముక్కలు ముక్కలుగా కాంక్రీటు పోసుకుంటూ వస్తున్నారు. పోసిన ముక్కను వారం రోజులు తడిగా ఉంచాలి. ఆవిడ పనివాళ్ళు రాకముందే ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పడుతుంది. గోడను తడిపిన నీళ్ళు అంచు దాటి బయటివైపుకు కారుతున్నాయి. ఏ ముక్కకు కాంక్రీటు అచ్చుగా బిగించిన చెక్కలు ఊడదీస్తే, మర్నాడు ఆ ముక్క కింది వరసలో ఫ్రేములు మొదలవుతాయి. మొదలుపెట్టేది బుడగ.

ఆ నీళ్ళలో ఏమైనా కలుపుతారా అని అడిగాను.

"నీళ్ళలో నీళ్ళు తప్ప ఏం కలుపుతామండీ?" అంది ఆవిడ. "నేను తాగేదీ ఈ కుళాయివే. కావాలంటే మీరూ తాగండి."

గొట్టంలోంచి వచ్చేవి తాగేవాణ్ణే. గోడ అంచునుంచి కారేవి తాగను. పచ్చి సిమెంటులో సున్నం ఉంటుంది, దాన్ని తడిపిన నీళ్ళు కొంత సున్నాన్ని తమతో తీసుకుపోతాయి. అల్యూమినియం పూతకు ఆసిడ్ ఎంత శత్రువో ఘాటైన సున్నపునీరూ అంతే శత్రువు. ప్లాస్టిక్ పొర ఒలిచిన చోటే అది పూతను తాకగలదు. కానీ ఇది ఇంకా నా ఊహ మాత్రమే. ఊహను పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పరుగెత్తితే, నాకూ అద్దాలు మోసేవాడికీ తేడా ఏముంటుంది?

బుధవారం సాయంత్రం నుంచి బుడగను గేటు దాటనివ్వవద్దని నేనే ఇంజనీరుతో చెప్పాను. ఆ సంగతి తెలిసి మేనకోడలు ఫోన్ చేసింది. "కాపాడమని పిలిస్తే మీరే బయటికి గెంటించారా మావయ్యా?" అని మాత్రం అడిగి పెట్టేసింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రసాయనశాస్త్రం మీద అనుమానం లేదు. నేనే ఎక్కడైనా పొరబడ్డానేమోనని.

గురువారం పొద్దున్నే క్యాంటీన్‌లో వంటమనిషిని చెంచాడు పసుపు అడిగాను. ఎందుకని అడిగింది. చెప్పాను. "అదెవరికి తెలియదండీ," అంది. "చొక్కా మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది కదా. నిమ్మకాయ రుద్దితే ఎర్రబడదు." ముప్పై నాలుగేళ్ళలో నేను చెప్పిన పాఠాల కంటే అది పొట్టిది, స్పష్టమైనది. పసుపును స్పిరిటులో కలిపి, తెల్లకాగితపు ముక్కల్ని ముంచి ఆరబెట్టాను.

ఇంజనీరు వచ్చింది. మేస్త్రీ వచ్చాడు. అద్దాలు మోసేవాళ్ళు నలుగురూ పిలవకుండానే వచ్చారు. బుడగ ఇంకా అడుగు పెట్టని వరసలో, నిన్న చెక్కలు తీసిన పిట్టగోడ కింద, మేస్త్రీ చేతనే ఒక ఫ్రేము బిగింపజేసి, దాని మీది పొరను జానెడు ఒలిపించి, అక్కడ పసుపు కాగితం అంటింపజేశాను. ఇంకో కాగితం మేస్త్రీ చేతికిచ్చాను. స్నానాలగది కడిగే ఆసిడ్ చుక్కలు కొన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపి దాని మీద వెయ్యమన్నాను. వేశాడు. అందరూ మెడలు చాచి చూశారు.

డాబా మీద ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్ళు పిట్టగోడ మీదినుంచి అంచుకు వచ్చి, ఫ్రేము వెంట సన్నగా కిందికి దిగాయి. మేస్త్రీ తన చేతిలోని కాగితాన్ని ఫ్రేము మీది కాగితం పక్కన పట్టుకున్నాడు.

ఆసిడ్ పడిన కాగితం పసుపుగానే ఉంది. పిట్టగోడ నీళ్ళు పడిన కాగితం ఎర్రబడింది.