ఏడో నంబరు కుర్చీ

ఆసుపత్రి ర్యాంపు కింద ఉన్న గది పొద్దున్నే ఎనిమిదింటికి తెరుచుకునేది. అది మెకానిక్కు గది. చక్రాల కుర్చీ, స్ట్రెచరు, మందుల ట్రాలీ, ఏది కిర్రుమన్నా తెచ్చి ఆ గుమ్మంలో వదిలి వెళ్తారు. ఆయన లోపలికి లాక్కుని, చక్రాలు విప్పి, గ్రీజు పెట్టి, బ్రేకులు బిగిస్తాడు. చివర్లో తానే ఎక్కి కూర్చుని చూస్తాడు. తను కూర్చోని కుర్చీని వార్డుకు పంపడు. ఇరవై ఆరేళ్లుగా అదే పట్టింపు.

ఆ కుర్చీల్లో ఏడో నంబరుది వేరే దారి. దాన్ని ఎవరూ తొయ్యక్కర్లేదు. ఓపీ వరండాలో తనంతట తాను మెల్లగా తిరుగుతూ, లోపల జబ్బు పెట్టుకుని పైకి చెప్పని మనిషెవరో చూసి, అతని మోకాళ్లకు ఆనుకుని ఆగుతుంది. పెద్ద సిస్టరు అతన్ని అందులో కూర్చోబెడుతుంది. అది ఏ గది ముందు ఆగితే ఆ గది డాక్టరు చూస్తాడు. ఇంతవరకూ గురి తప్పలేదు. కొత్తగా చేరినవాళ్లకు క్యాంటీను ఎక్కడుందో చెప్పినట్టే దీని సంగతీ చెప్పేస్తారు.

పోయిన వానాకాలంలో ఒకరోజు అది వచ్చి మెకానిక్కు గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మంలో బండి ఉందంటే రిపేరుకే కదా. ఆయన అలాగే అనుకున్నాడు, అటుగా వెళ్లినవాళ్లూ అలాగే అనుకున్నారు. బేరింగులు మార్చి పంపేశాడు. మర్నాడు మళ్లీ వచ్చింది. టైర్లు మార్చాడు. మూడో రోజూ వచ్చింది. చెయ్యాల్సిన రిపేరంతా చేశాడు గానీ, ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. ఆయన కూర్చోకుండా పంపిన కుర్చీ అదొక్కటే.

ఎందుకు కూర్చోలేదో ఆయనకు తెలుసు. ఏడాదిగా రాత్రుళ్లు నాలుగైదుసార్లు లేస్తున్నాడు. బాత్‌రూములో ఎంతసేపు నిలబడ్డా మూత్రం దారంలా వచ్చి ఆగిపోతుంది. భార్య అడిగితే నీళ్లెక్కువ తాగానంటాడు, వయసంటాడు. ఆయన పెద్దన్నయ్య కూడా అచ్చం ఇవే మాటలు చెప్పేవాడు. నడుం నొప్పితో పడిపోయి ఇక్కడికి వచ్చేసరికి ప్రొస్టేట్ గ్రంథిలో మొదలైన క్యాన్సరు ఎముకలన్నిటికీ పాకింది. అన్నయ్యను పడుకోబెట్టిన స్ట్రెచరును చివరిదాకా తోసింది ఈయనే. అది గుర్తొచ్చినప్పుడల్లా చూపించుకునే మాట వాయిదా వేస్తాడు. పైగా అలాంటి చోట జబ్బని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గు.

కుర్చీ మాత్రం పట్టు వదల్లేదు. వేసవి వచ్చేసరికి తలుపు మూసినా బయటే నిలబడేది. తలుపు తీస్తే కాళ్ల దాకా వచ్చేది. చివరికి విసుగొచ్చి దాన్ని లోపలికి లాగి, కిటికీ ఊచలకు గొలుసుతో కట్టేశాడు. ఆ గొలుసు పగలంతా సన్నగా గలగలమంటూనే ఉండేది.

నెల తిరిగింది. వరండాలో ఎవరి దగ్గరా కుర్చీ ఆగడం లేదని గమనించి పెద్ద సిస్టరు వెతుక్కుంటూ వచ్చింది. గొలుసు చూసింది, ఆయన మొహం చూసింది.

"ఏమైంది దీనికి?"

"బ్రేకు నిలవట్లేదు సిస్టర్. ఇప్పుడే బిగించాను."

"అయితే కూర్చుని చూడు, తీసుకెళ్తాను."

తర్వాత చూస్తాలెమ్మన్నాడు. ఆవిడ కదల్లేదు. గొలుసు విప్పేసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ల పట్టింపు ఆయనదే. కూర్చున్నాడు.

బిగించిన బ్రేకులు బిగించినట్టే ఉన్నాయి. కుర్చీ కదిలింది. సిస్టరు తప్పుకోగానే గుమ్మం దాటి, ఎత్తు ర్యాంపు మీదికి ఆయన్ను మోసుకుంటూ పైకి వెళ్లింది. మూత్రవ్యాధుల గది ముందు బెంచీ మీదున్న మగవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే, మా పెద్దన్నయ్యకు అని మొదటిసారి పైకి చెప్పాడు. రక్తపరీక్ష చేశారు, స్కాను తీశారు, సూదితో ముక్క తీసి చూశారు. జబ్బు గ్రంథి దాటింది, ఎముకల్లోకి ఇంకా పోలేదు. రేడియేషను, ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నాడు డాక్టరు.

"పోయినేడే వచ్చుంటే ఆపరేషన్‌తో సరిపోయేదేమో."

"పోయినేడే వచ్చిందండీ. నేనే బేరింగులు మార్చి పంపేశాను."

డాక్టరు చీటీ రాస్తూ, తోడబుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ ముప్పుంటుందని, ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించమని చెప్పాడు.

ఉన్నది తమ్ముడొక్కడే. బస్సు డ్రైవరు, యాభై నిండలేదు. అన్నయ్యను వైద్యానికి చేర్చుకున్నారని తెలిసి వార్డుకు చూడ్డానికి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అన్నయ్య పరీక్ష మాటెత్తగానే, నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, డ్యూటీకి టైమైందని లేవబోయాడు.

అప్పుడే ఏడో నంబరు తలుపులోంచి లోపలికి వచ్చింది.  అది రెండు వరసల మంచాల మధ్య తొందర లేకుండా నడిచి వస్తుంటే, తనకోసమే అనుకుని మెకానిక్కు దుప్పటి తీశాడు. తన దగ్గర ఆగితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. అది ఆయన మంచం దాటింది. అవతలి వైపు తిరిగి, తమ్ముడి మోకాళ్లకు ఆనుకుని ఆగింది.

తమ్ముడు నవ్వాడు.

"రిపేరుకు నీ దగ్గరికే వచ్చినట్టుందన్నయ్యా."

మెకానిక్కు చెయ్యి చాచి, చక్రం మీద తన గొలుసు గీరిన గుర్తులు తడిమాడు.

"నేనూ అదే అనుకున్నానురా," అన్నాడు. "కూర్చో."