శౌరయ్య విప్పిన జీపు

శౌరయ్య గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, జీపు కిందికి నడుము దాకా జరిగాడు. తుప్పు కళ్లలో పడకుండా రెప్పలు సగం వాల్చి, ఇనప బ్రష్షుతో ఛాసిస్ దూలాన్ని గీకుతున్నాడు. గీకినప్పుడల్లా ఎర్రటి పొడి, ఎండిపోయిన ఒండ్రు పెళ్లలు మెడ మీదా చొక్కా కాలరులోనూ రాలుతున్నాయి. పొద్దున ఇంకా ఏడు కాలేదు. తిరువూరు బస్టాండు వైపు నుంచి మొదటి షేర్ ఆటోల హారన్లు వినబడుతున్నాయి.

అరవై రెండేళ్ల మనిషి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు ఊడిపోయి మళ్లీ వంకరగా మొలిచింది. అరచేతి గీతల్లోని గ్రీజు ఏ సబ్బుకీ పోదు. ఆదివారం చర్చిలో దోసిలి పట్టినప్పుడు ఆ నల్లగీతలే ముందు కనబడతాయి. ఇంటి పక్కన నాలుగు సిమెంటు స్తంభాల మీద రేకులు వేసుకుని, వాటి కింద పాత జీపులు బాగుచేస్తాడు. కొత్త బళ్లు అతని దగ్గరికి రావు. మామిడితోటల వాళ్లు, వాగులు దాటి పొలాలకు పోవాల్సిన వాళ్లు ఇంకా వదులుకోలేని ముసలి జీపులు మాత్రం గంపలగూడెం నుంచీ, అటు ఖమ్మం వైపు ఊళ్ల నుంచీ వస్తుంటాయి.

విప్పిన ప్రతి బోల్టునూ, వాషర్‌నూ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చుకుంటాడు. బిగించాక గుడ్డ మీద ఏదీ మిగలకూడదు. మిగల్లేదని చూసుకున్నాక కూడా మళ్లీ బండి కిందికి దూరి ప్రతి పిన్నునీ వేలితో తడుముతాడు. “ఇంకా ఎంతసేపు శౌరయ్యా?” అని విసుక్కునేవాళ్లకు జవాబు చెప్పడు. అది చాదస్తమని ఊళ్లో పేరు. ఆ చాదస్తం వల్లే బళ్లు అతని దగ్గరికి వస్తాయి కూడా.

ఈ జీపు వచ్చి పది రోజులైంది. వినగడప బసవపున్నయ్య గారిది. ట్రాక్టరు ట్రక్కులో, పరదా కప్పి తీసుకొచ్చారు. పరదా లాగినప్పుడు రిబ్కా వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నంబరు ప్లేటు మీద ఆమె చూపు ఆగిపోయింది.

“దీన్నెందుకు రానిచ్చావు?” అని అడిగింది మొగుణ్ణి.

“మనం కాదంటే ఇంకెవరు చేస్తారు?”

ఆ రోజు నుంచి ఆమె రేకుల వైపు రాలేదు. టీ గ్లాసు కూడా గుమ్మంలోనే పెట్టి కేకేస్తోంది.

ఇరవై ఆరేళ్ల కిందట, మిరపకాయల కోతల రోజుల్లో, ఈ జీపు వాళ్లుండే పేట నుంచి పదిహేను మంది కూలీలను ఎక్కించుకుని బయల్దేరి, వాగు దిగుడులో చప్టా మీద నుంచి కింద పడింది. నలుగురు పోయారు. వాళ్లలో రిబ్కా చెల్లెలు సలోమి ఒకతె. పందొమ్మిదేళ్ల పిల్ల. తల్లి మంచాన పడ్డాక, పిల్లల్లేని రిబ్కాయే ఆమెను కూతురిలా పెంచింది.

బండి తోలింది యేసుబాబు. ఎడమ కాలు నుజ్జయినా బతికాడు. “బ్రేకు తొక్కితే పెడలు ఊరికే కిందికి పోయింది, ఏమీ పట్టలేదు” అని ఆసుపత్రిలో చెప్పాడు, స్టేషన్లో చెప్పాడు, కోర్టులో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. వాగులోంచి తీసేసరికి బండి ముందుభాగం పూర్తిగా నలిగిపోయి ఉంది. దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. ప్రమాదం జరిగిన రోజు తెల్లవారుజామున బ్రేకు పని చేసిన మనిషిని పిలిచి అడిగారు. శౌరయ్య బోనులో నిలబడి, “బ్రేకులు బాగానే ఉన్నాయి సార్. నేనే చేశాను” అన్నాడు. యేసుబాబుకు ఏడాది శిక్ష పడింది.

ఆ పొద్దున జరిగింది శౌరయ్యకు ఒకచోటి దాకానే గుర్తుంది. అప్పట్లో అతని షెడ్డు బస్టాండు పక్కన ఉండేది. బ్రేకులకు నూనె నెట్టే మాస్టర్ సిలిండర్ మార్చి, దాని కడ్డీని బ్రేకు పెడలుకు కలిపే లావుపాటి పిన్నును దూర్చాడు. ఆ పిన్ను జారిపోకుండా దాని చివరి బెజ్జంలో సన్నటి స్ప్లిట్ పిన్ను దూర్చి కాళ్లు మడవాలి. ఆ సన్నపిన్నును పెదాల మధ్య పట్టుకున్నాడు. పేటలో ఎక్కిన కూలీలు అప్పటికే బండి వెనక కూర్చుని ఉన్నారు. వెనక నుంచి సలోమి అరిచింది: “బావా, తొందరగా కానీ, ఎండెక్కుతోంది!” అతను ఆమెకు ఏదో జవాబు చెప్పాడు. జవాబు చెప్పాలంటే నోట్లోది తీయాలి. తీసి ఎక్కడ పెట్టాడు? బెజ్జంలోనా, నేల మీదా? ఫ్లోర్ ప్లేటు మూసి, స్క్రూలు బిగించి, “పోనీ” అని బానెట్ మీద చరిచింది మాత్రం గుర్తుంది.

తర్వాత రెండు నెలలకు బస్టాండు షెడ్డు ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాడు. మళ్లీ ఏనాడూ నోట్లో పిన్ను పెట్టుకోలేదు.

తొమ్మిదింటికి అనుదీప్ బైకు మీద వచ్చాడు. బసవపున్నయ్య గారి మనవడు. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త బానెట్టు, మడ్‌గార్డులు దొరికాయని ఫోన్లో ఫొటోలు చూపించాడు.

“ఎన్నాళ్లు పడుతుంది శౌరయ్య గారూ?”

“కిందంతా విప్పి చూడాలి బాబూ. ఇయ్యాల పెడళ్ల దగ్గర విప్పుతున్నా.”

“కోర్టు నుంచి వదిలించుకొచ్చాక తాతయ్య దీన్ని తోటలో షెడ్లో పెట్టి తాళం వేశాడు. పోయేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అమ్మకానికీ పెట్టలేదు. ఏదో యాక్సిడెంటు అయిందంట కదా. మీకు తెలుసా?”

“తెలుసు.”

 శౌరయ్య బ్రష్షును పరగడుపున తాగిన టీ గ్లాసు పక్కన పెట్టి, పానాల పెట్టె వైపు నడిచాడు. కుర్రాడు బైకు ఎక్కి వెళ్లిపోయాడు.

ఫ్లోర్ ప్లేటు స్క్రూలు తుప్పుకు కరుచుకుపోయాయి. ఒక్కొక్కదాని మీద డీజిల్ పోసి, నానబెట్టి, ఉలితో అంచు మీద తట్టాడు. ఆరో స్క్రూ తల విరిగిపోయింది. పదకొండున్నరకు ప్లేటు ఊడింది. కింద ఎలుక గూడు, ఎండుగడ్డి, వాగు ఒండ్రు ఉన్నాయి. వాటిని చేత్తో తీసి అవతల పడేసి, టార్చి వేసి చూశాడు.

పెడలు ఒకచోట వేలాడుతోంది. సిలిండర్ కడ్డీ ఇంకోచోట ఉంది. రెంటినీ కలిపే పిన్ను లేదు.

శౌరయ్య టార్చి ఆర్పాడు. మళ్లీ వెలిగించాడు. తర్వాత మళ్లీ కిందికి దూరి, ఛాసిస్ దూలం లోపలి గాడిలో గట్టిపడిన మట్టిని స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా పెకలించాడు. జానెడు దూరంలో ఇనుము తగిలింది. వేలంత పొడవు, తల ఉన్న పిన్ను. తీసుకొచ్చి డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, చివరి బెజ్జంలోని మట్టిని సన్నటి తీగతో పొడిచాడు. స్ప్లిట్ పిన్ను విరిగిపోయి ఉంటే దాని ముక్క లోపల తుప్పు పట్టి ఇరుక్కుని ఉండాలి. తీగ అవతలికి వచ్చేసింది. బెజ్జం అంచులు అరగలేదు. దాన్ని ఎండకు ఎత్తిపట్టి చూశాడు. బెజ్జంలోంచి వెలుతురు వచ్చింది.

రిబ్కా గుమ్మంలోంచి అన్నానికి పిలిచింది.  రెండోసారి పిలిచి, కంచం మీద మూత పెట్టి, ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఇలాంటి పిన్నులు పెట్టెలో అరడజను ఉన్నాయి. ఒకటి దూర్చి, సన్నపిన్ను పెట్టి, కాళ్లు మడిచి, ప్లేటు మూసేస్తే పావుగంట పని. అతని చెయ్యి పెట్టె మూత దాకా వెళ్లింది కూడా. మూత తెరిచాడు. మళ్లీ మూశాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, మట్టిలో దొరికిన ఆ పాత పిన్నును జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

యేసుబాబు ఇల్లు పేటలోనే, అవతలి చివర. నడిస్తే ఐదు నిమిషాలు. ఇరవై ఆరేళ్లుగా శౌరయ్య ఆ వీధిలో కాలు పెట్టలేదు. చర్చికి కూడా చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లేవాడు.

యేసుబాబు వాకిట్లో కింద కూర్చుని మంచానికి ప్లాస్టిక్ నవారు అల్లుతున్నాడు. వంగని ఎడమ కాలు ముందుకు చాచి ఉంది. లైసెన్సు పోయాక ఇదే పని. తలెత్తి చూసి, నవారు చేతిలో ఉండగానే ఆగిపోయాడు.

“అన్నా! నువ్వా? రా, కూచో.”

శౌరయ్య కూర్చోలేదు. పిన్ను తీసి మంచం పట్టె మీద పెట్టాడు.

“బసవపున్నయ్య గారి జీపు నా దగ్గరికొచ్చింది. ఇయ్యాల విప్పా. ఇది ఊడిపోయి ఛాసిస్‌లో పడుంది. స్ప్లిట్ పిన్ను పెట్టలా నేను.”

యేసుబాబు పిన్ను అందుకున్నాడు. డ్రైవరు కాబట్టి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బెజ్జాన్ని గోటితో తడిమాడు. తలెత్తకుండా అడిగాడు:

“నిజంగానా అన్నా?”

“నిజం.”

“పెడలు కిందికి పోయిందని నేను చెప్పీ చెప్పీ...” నవారు పక్కన పెట్టాడు. “జైల్లో ఉండగానే నాకు అనుమానం మొదలైంది. కంగారులో క్లచ్చి తొక్కానేమో అని. అందరూ అదే అంటుంటే ఇంక నాకూ అదే నిజమనిపించింది. చాన్నాళ్ల నుంచీ అంతే. రోజూ పొద్దున్నే ఆ నలుగురి పేర్లూ చెప్పుకుని, నేనే చంపాను ప్రభువా అని ప్రార్థన చేసుకుంటున్నా.”

 యేసుబాబు కోప్పడతాడని, చెయ్యి చేసుకుంటాడని అనుకుని శౌరయ్య వచ్చాడు. అందుకు సిద్ధపడే వచ్చాడు.

యేసుబాబు ఇంట్లోకి చూసి పిలిచాడు. “పూజితా, ఇట్రా. అన్నా, ఇందాక చెప్పిన మాట మళ్లీ చెప్పు. దీనికి చెప్పు.”

కూతురు బయటికి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. తండ్రి జైలుకు పోయేనాటికి బడికి పోయే వయసు కూడా కాదు. శౌరయ్య ఆమె కాళ్ల వైపు చూస్తూ అంతా మళ్లీ చెప్పాడు. ఆమె తలుపు రెక్క పట్టుకుని విన్నది.

“మా అమ్మ ఉండగా చెప్పుండాల్సింది పెదనాన్నా. సలోమి పిన్నిని పూడ్చిన రోజు అమ్మ వస్తే, రిబ్కా పెద్దమ్మే ఆమె మొహాన దుమ్మెత్తి పోసింది. ఆ తర్వాత చచ్చేదాకా అమ్మ మీ వీధిలోకి రాలా.” తలుపు రెక్క వదిలి అడిగింది: “పెద్దమ్మకి చెప్పావా?”

“లేదు.”

“వెళ్లి చెప్పు.”

శౌరయ్య పిన్ను కోసం చెయ్యి చాచాడు. యేసుబాబు గుప్పిట మూశాడు.

“ఇది నా దగ్గరుండనీ అన్నా.”

తిరిగి వచ్చేసరికి ఎండ చల్లబడింది. రిబ్కా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని, రాత్రి వంటకు బియ్యం ఏరుతోంది. శౌరయ్య మెట్టు మీద కూర్చున్నాడు. దాచకుండా చెప్పాడు. పెదాల మధ్య పట్టుకున్న పిన్ను సంగతీ, సలోమి పిలిచిన సంగతీ, కొత్త పిన్ను పెట్టేద్దామని పెట్టె మూత తెరిచి మూసిన సంగతీ, యేసుబాబు ప్రార్థన సంగతీ అన్నీ.

ఆమె వేళ్లు ఆగలేదు. రాయి కనబడితే తీసి పక్కన వేస్తూనే ఉంది. అతను చెప్పడం అయిపోయాక కూడా కొంతసేపు ఏరింది.

“కోర్టులో చెప్పేప్పుడు నీకు తెలుసా?”

“తెలీదు. అనుమానం ఉంది.”

“నాకెందుకు చెప్పలా?”

శౌరయ్య మెట్టు మీద పడిన బియ్యపు గింజను ఏరి చాటలో వేశాడు.

“అమ్మ ప్రాణం పోతూ పోతూ యేసుబాబుని శపించింది. నువ్వు తలాపినే కూచున్నావు. నీళ్లు పట్టావు.” ఆమె గొంతు పెరగలేదు. “సలోమి నిన్ను పిలిచిన మాట కూడా ఇన్నాళ్లూ నువ్వే దాచుకున్నావు. దాని ఆఖరి మాట నాకియ్యలేదు.”

చాట పక్కన పెట్టి లేచింది. లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంది. ఇనప్పెట్టె చప్పుడైంది. రెండు చీరలు, బైబిలు పట్టేంత గుడ్డసంచితో బయటికి వచ్చింది.

“గంపలగూడెం పోతున్నా. తమ్ముడింటికి.”

“ఈ వేళప్పుడా? పొద్దున...”

“ఆటోలుంటాయి.” మెట్లు దిగి, అతనికి వీపు తిప్పి నిలబడి అడిగింది: “యేసుబాబు ఇల్లు ఇంకా అక్కడేనా?”

“అక్కడే.”

ఆమె రోడ్డు వైపు కాకుండా పేట లోపలి వైపు నడిచింది. సంచి బరువుకు కుడి భుజం కిందికి వంగి ఉంది. కుళాయి మలుపు దగ్గర ఎవరో పలకరిస్తే ఆగి, ఏదో చెప్పి, మళ్లీ నడిచింది. తర్వాత కనబడలేదు. శౌరయ్య వెళ్దామని లేచాడు. రెండడుగులు వేసి నిలబడిపోయాడు. ఇంట్లో ఫోను మోగింది. అనుదీప్ అయి ఉంటాడు. మోగి మోగి ఆగింది.

గంపలగూడెం వైపు వెళ్లే ఆటోలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీద పోతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె ఏ ఆటోలో ఉందో తెలియదు. చీకటి పడబోతుంటే అతను వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. దీపం వేయలేదు.

అరుగు మీద చాట ఆమె పెట్టినచోటే ఉంది. ఏరిన బియ్యం ఒక పక్కన, ఏరాల్సిన బియ్యం ఇంకో పక్కన, రెంటికీ మధ్య ఆమె వేళ్లు తీసిన సన్నటి ఖాళీ దారి.