ఖమర్‌బీ చెవిలో చెప్పిన మాట

తబితమ్మ బైబిలు కథల బొమ్మల చుట్టను అరుగు మీద విప్పి, పిండిన గుడ్డతో దుమ్ము తుడుస్తోంది. తప్పిపోయిన గొర్రె బొమ్మ మూల చినిగితే ఎప్పుడో పాతచీర ముక్క అతికించింది. ఆ అతుకు కింద గొర్రె కాలొకటి పోయింది. ఏ ఇంటికి పోయినా పిల్లలు ముందు నాలుగో కాలు ఏదని అడుగుతారు. ముల్లు గుచ్చుకుంటే పైకి ముడుచుకుందని ఆమె చెబుతుంది. ఆ మాత్రం అబద్ధానికి దేవుడు కోపగించుకోడని ఆమె నమ్మకం.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బక్కపలచన. ముప్ఫయ్యేళ్ళుగా సంచి మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. సంచి లేని ఆదివారం కూడా అటువైపు ఒరిగే నడుస్తుంది. పాదాల పగుళ్ళలోకి జమ్మలమడుగు వీధుల మట్టి ఎంత లోతుగా దిగిందంటే, ఎంత రుద్దినా ఆ నల్లగీతలు పోవు. మొగుడు కలరాలో పోయినప్పుడు ఆమెకి ఇరవై ఆరేళ్ళు. ఆరు నెలలకి చంకలో బిడ్డ కూడా పోయింది. అప్పుడు మిషన్ దొరసాని చదువు నేర్పించి, కాంపౌండు చివర ఒక గది ఇచ్చి, బైబిలమ్మ పనిలో పెట్టింది.

బైబిలమ్మ అంటే పెద్ద పదవేమీ కాదు. పాదిరి అయ్యగారు అడుగుపెట్టలేని ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, ఒక బొమ్మ చూపించి, ఒక కథ చెప్పి, ఒక పాట పాడి రావాలి. జ్వరమొచ్చినవాళ్ళని ఆస్పత్రికి రమ్మని బతిమాలాలి. ఆమె మాట విని పిల్లల కళ్ళు కడిగినవాళ్ళు ఊళ్ళో బోలెడంతమంది. మతం మార్చుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు, ఖమర్‌బీ తప్ప.

ఖమర్‌బీ సంగతి ఇటు పులివెందుల నుంచి అటు ప్రొద్దుటూరు దాకా ప్రతి సంఘానికీ తెలుసు. దూదేకుల ఫకీర్ సాహెబ్ భార్య, క్షయతో పోతూ పోతూ యేసు నామం పలికిందని. ఆడవాళ్ళ కూటాల్లో తబితమ్మని నిలబెట్టి ఆ సాక్ష్యం చెప్పించుకోవడం ఆనవాయితీ అయింది. మొదట ఒక్క ముక్కగా ఉన్నది, ఊళ్ళు తిరిగేకొద్దీ దానికి ఒక చిరునవ్వు చేరింది, రెండు కన్నీటిచుక్కలు చేరాయి. అవి చేర్చింది తబితమ్మ కాదు, విన్నవాళ్ళు. ఆమె కాదనలేదు, అంతే.

ఆ రోజు శనివారం. మర్నాడు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆరాధన. అందుకని సాయంత్రం గుడిలో సిద్ధపాటు కూటం. ఆ లోపల నాలుగిళ్ళయినా తిరిగి రావాలని తబితమ్మ సంచి తగిలించుకుని బయలుదేరింది. దూదేకుల వీధి దగ్గరదారే, కానీ ఖమర్‌బీ పోయిన పదకొండేళ్ళ నుంచీ ఆమె చింతపండు అంగళ్ళ మీదుగా చుట్టు తిరిగే పోతోంది. ఈ రోజు ఆ అంగళ్ళ మలుపులోనే షంషాద్ నిలబడి ఉంది.

షంషాద్ ఖమర్‌బీ కూతురు. అప్పుడు పన్నెండేళ్ళ పిల్ల, ఇప్పుడు పెళ్ళయిన మనిషి. మొగుడు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పనికి పోతే, ఈమె తండ్రి వదిలిపోయిన విల్లుతో దూది ఏకి పరుపులు కుడుతుంది. కనుబొమల మీద, జుట్టులో దూదిపీచు. ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయే పిల్ల, ఈ రోజు దారికి అడ్డంగా నిలబడింది.

"బైబిలమ్మా, నిలబడు. నీతో మాటుండాది."

"ఏంది పాపా?"

"మా నాయన పోయి ఏడాదాయ. రేపు మా పెద్దల పండగ. సమాధుల కాడికి పోయి ఫాతిహా చదివిచ్చల్ల, దీపం పెట్టల్ల. నాయన పక్కనే మాయమ్మది. నాయన ఉన్నన్నాళ్ళూ ఆడ పెట్టనీలేదు. 'అది మనల్ని ఇడిసిపెట్టి పాయె, ఇంగ ఏ పేరుమీద చదివిచ్చేది?' అంటాండె." "ఆ పొద్దు నేను నీళ్ళకి పోయింటి. ఆడ ఉన్నింది నువ్వొక్కదానివే. నువ్వే చెప్పు. దీపం పెట్టల్లా, వద్దా?"

తబితమ్మ సంచి దించి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమెకి బాగా గుర్తు. ఫకీర్ సాహెబ్ పరుపులు బండికెత్తుకుని ప్రొద్దుటూరు సంతకి పోయాడు. పిల్ల పెన్నలో చెలమ తోడుకుని నీళ్ళు తేవడానికి పోయింది. ఎండాకాలపు చెలమ, కుండ నిండటానికి పూట పడుతుంది. దగ్గుమందు ఇచ్చిపోదామని వచ్చిన తబితమ్మకి ఖమర్‌బీ మొహం చూడగానే తెలిసిపోయింది. పోయే ప్రాణానికి పక్కనున్నవాళ్ళు అల్లా ఒక్కడేనని చెప్పే కలిమా వినిపించాలి, ఆ మాట పలుకుతూ పోవాలి, అది వాళ్ళ నమ్మకం. ఖమర్‌బీ పలకాలని చూస్తోంది. మొదటి ముక్క దగ్గరే నాలుక తడబడి ఆగిపోతోంది. ఒకటే చూపు తబితమ్మ వైపు, చెయ్యి పట్టుకుని. తబితమ్మ ఇరుగమ్మల కోసం కేకేసింది. ఎవరూ పలకలేదు. ఆ ఇళ్ళలో కూర్చుని కూర్చుని తబితమ్మకి ఆ కలిమా ఎప్పుడో నోటికొచ్చేసింది. ఆమె వంగి, ఖమర్‌బీ చెవిలో దాన్ని మెల్లగా చెప్పింది. ఖమర్‌బీ అందుకుంది.

సాయంత్రం దొరసాని ఆశగా అడిగింది, చివర్లో ఏమైనా పలికిందా, ప్రభువు నామం పలికిందా అని. కలిమా పలికిందంటే, పలికించింది ఎవరంటుంది. బైబిలమ్మ నోట కలిమా అంటే గదీ పోతుంది, పనీ పోతుంది. తబితమ్మ తల ఊపింది. నోటితో చెప్పలేదు కదా అని మొదట్లో సర్దిచెప్పుకునేది. కానీ ఊపిన తల కూడా తనదే.

"పెట్టు పాపా," అంది తబితమ్మ. "మీయమ్మ మీ మనిషిగానే పాయె. కలిమా పలికే పాయె. నేనే ఆయమ్మ చెవిలో చెప్పినా. చెప్పి, భయపడి దాచిపెట్టినా. కూటాల్లో నేను చెప్పిందంతా అబద్దం."

షంషాద్ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఎన్నితూర్లు పలికె?"

"రెండుతూర్లు వినపడేట్టు పలికె. మూడోతూరి పెదాలు కదిలినాయంతే."

"నన్ను అడిగిందా?"

"నీళ్ళకి పోయిన పాప వచ్చిందా అనె. వస్తాంది, వీధి చివర ఉండాది అని చెప్తి."

షంషాద్ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. తబితమ్మ చెయ్యి చాచింది, కానీ ముట్టుకునే ధైర్యం లేక వెనక్కి తీసుకుంది. కాసేపటికి షంషాద్ తల ఎత్తింది. ఆ కళ్ళలో జాలి లేదు.

"మా నాయన బతికున్నప్పుడు ఈ మాట చెప్పింటే నీ సొమ్మేం పోతాండె? ఆయప్ప కుమిలి కుమిలి సచ్చె. ఊరూరా చెప్పినావే, ఇప్పుడు నా ఒక్కదానికాడ గొణిగితే సరిపోతుందా? యాడ చెప్పినావో ఆడ చెప్పు పో."

ఇంటికి రమ్మనలేదు. మంచినీళ్ళు తాగుతావా అని అడగలేదు. అడగాలని తబితమ్మ కూడా అనుకోలేదు. ఆమె సంచి ఎత్తుకుని, పోవలసిన నాలుగిళ్ళకీ పోయింది. కథ చెప్పింది, పాట పాడింది. లాల్‌బీ మజ్జిగ ఇస్తే తాగింది. ఏ పనీ మానలేదు, కానీ ఏ ఇంట్లో ఏ బొమ్మ చూపించిందో గది చేరేసరికి గుర్తు లేదు. ఫకీర్ సాహెబ్‌కి ఇక చెప్పే వీలు లేదన్న ఒక్క మాటే మనసులో తిరుగుతోంది.

సిద్ధపాటు కూటంలో తప్పులు ఒప్పుకోవడం ఆనవాయితీ. ఒప్పుకోగా ఒప్పుకోగా ఆ తప్పులు కూడా పెంపుడుకోళ్ళలా మచ్చికైపోయాయి. వనజమ్మ ప్రతినెలా లేచి కోడల్ని తిట్టానంటుంది. కోడలు క్షమించానంటుంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయి మళ్ళీ మొదలుపెడతారు. తబితమ్మ వంతు వచ్చినప్పుడల్లా ప్రార్థనలో కునుకు తీశానని ఒప్పుకుంటుంది. అది నిజమే. నిజాల్లోకెల్లా చిన్నది ఏరుకుని చెప్పడం ఆమెకి బాగా అలవాటైంది.

ఆ సాయంత్రం ఆమె తన వంతు రాకముందే లేచింది. ఖమర్‌బీ పేరు ఎత్తగానే ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, సాక్ష్యం వింటే రేపటికి మనసు సిద్ధపడుతుందని. ఆమె చెప్పింది. దొరసాని అడగడం, తను తల ఊపడం, అన్నీ. కలిమా మాట కూడా దాచలేదు. చెప్పడం పూర్తయ్యాక ఎవరూ ఏడవలేదు, ఎవరూ స్తోత్రమనలేదు. ఎవరో పసిబిడ్డకి దగ్గు వచ్చింది. అయ్యగారు గబగబా ప్రార్థన చేసి కూటం ముగించారు.

ఆ అయ్యగారు చెడ్డమనిషి కాదు. వయసులో చిన్నవాడు, నంద్యాల వైపు నుంచి వచ్చి ఏడాది కాలేదు. జనం పోయేదాకా ఆగి తలుపు దగ్గరికి వచ్చాడు.

"తబితమ్మగారూ, అబద్ధం ఒప్పుకున్నారు, మంచిదే. దేవుడు క్షమిస్తాడు, సంఘమూ క్షమిస్తుంది. కానీ ఆ రెండోది... ఆమె చెవిలో పలికినది. అది కూడా తప్పేనని, కంగారులో తెలియక చేశానని రేపు బల్లకి ముందు ఒక్క మాట అనండి. కమిటీకి నేను నచ్చజెబుతాను. మీ పనికీ గదికీ ఢోకా ఉండదు."

ఒక్క మాట. అంత సులువైన మాట ఆమెని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇంకో రెండేళ్ళు పని చేస్తే ఆ గది బతికినన్నాళ్ళూ ఆమెదే. లేకపోతే మిగిలింది పులివెందులలో తమ్ముడి ఇల్లు. మరదలికి ఈమె పొడ గిట్టదు. ఆ మాట అనేస్తే ఏమవుతుందని తబితమ్మ నిజంగానే ఆలోచించింది. ఆలోచిస్తే ఖమర్‌బీ చెయ్యి గుర్తొచ్చింది, ఎంత గట్టిగా పట్టుకుందో.

"అయ్యగారూ, అబద్దానికి ఏడ్చినా. ఇన్నేండ్లూ ఏడుస్తానే ఉండా. చెవిలో చెప్పినదానికి మాత్రం నాకు ఏడుపు రాలేదు. రాని ఏడుపు యాడినుంచి తెచ్చుకోవల్ల? ఇంగో అబద్దమాడి బల్ల కాడికి రావల్లనా?"

ఆయన వెనక్కి తిరిగి గుడి తలుపుకి గొళ్ళెం పెట్టాడు.

"అయితే రేపు బల్లకి రాకండమ్మా. కమిటీ కూర్చునేదాకా ఇళ్ళకి కూడా పోకండి. నా చేతుల్లో లేదు."

రోజూ గేటుదాకా తోడొచ్చే వనజమ్మ ఆ రోజు ముందే వెళ్ళిపోయింది. తబితమ్మ ఒక్కతే నడిచింది. నిజం చెబితే గుండె తేలికపడుతుందని ఆమె ముప్ఫయ్యేళ్ళుగా ఇంటింటా బోధించింది. తేలికపడలేదు. భయం పోయింది, అంతే. భయం పోయినచోట ఏమీ లేదు, ఎవరూ లేరు. ఈ భూమ్మీద ఇంత ఒంటరిగా ఉన్నది బహుశా తనొక్కతేనేమో అనిపించి, గది గడపమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

కమిటీ కోసం ఆమె ఆగలేదు. తెల్లారగానే బొమ్మల చుట్టా, గది తాళంచెవీ అయ్యగారి భార్యకి అప్పగించింది. ఆ ఇల్లాలు ఏదో అనబోయి, లోపలికి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. మొదటి బస్సు ముద్దనూరు మీదుగా పులివెందులకి. తబితమ్మ చీరలమూటతో వెనకసీట్లో ఒదిగి కూర్చుంది.

"పండక్కి పోతాండావామా?" అన్నాడు కండక్టరు టిక్కెట్టు చింపుతూ.

"లేదప్పా. ఊరికే పోతాండా."

గుడిలో రెండో పాట మొదలైన వేళకి షంషాద్ కాంపౌండు గేటులోకి వచ్చింది. పుట్టిన ఊరే అయినా ఆ గేటు దాటడం ఆమెకి అదే మొదటిసారి. రాత్రి కూటంలో బైబిలమ్మ ఒప్పుకున్న సంగతి తెల్లారేసరికి దూదేకుల వీధికీ చేరింది. తలనిండా కొంగు కప్పుకుని, రెండు చేతులతో ఒక గిన్నె పట్టుకుని ఉంది. పొద్దున్నే సమాధుల దగ్గర దీపం పెట్టి, ముల్లాతో ఫాతిహా చదివించింది, ముందు తల్లి పేరు మీద, తర్వాత తండ్రి పేరు మీద. చదివించిన మలీద, రొట్టె నలిపి బెల్లం కలిపిన తీపి, వీధిలో పంచకముందే ఒక పాలు తీసి ఇటు నడిచి వచ్చింది.

"బైబిలమ్మ గది యాడ?" అని తోటమాలిని అడిగింది.

"ఆ చివరది. ఆయమ్మ లేదు మా, తొలి బస్సుకే పాయె."

"మళ్ళ ఎప్పుడొస్తాది?"

"వచ్చేట్టు లేదు."

షంషాద్ గది దాకా నడిచింది. తాళం చూసింది. అక్కడ కాసేపు నిలబడి, గడప మీద చీమలు లేనిచోటు చూసి, వంగి, లేచి, వెనక్కి చూడకుండా గేటు దాటి పోయింది. గుడిలో పాట ఆగి ప్రార్థన మొదలైంది. తాళం వేసిన తలుపు ముందు, బాదం ఆకు మూసిన సత్తుగిన్నెలో బెల్లం మలీద ఇంకా వెచ్చగానే ఉంది.